ధోళి పడిపోయిన చేలోనే మళ్ళీ విత్తినాం



మేము ఇద్దరం అక్కచెల్లెళ్ళం. అనంతపురం జిల్లాలో ఒక సుగాలి తాండా మాది. మాలో పెద్దది డిగ్రీ చివరి ఏడు, చిన్నది పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండో ఏడు. ఇద్దరం హాస్టళ్ళలోనే పెరిగినాం. ఈ పోస్టు ఇద్దరం కలిసి రాస్తున్నాం, అందుకే 'మేము' అని ఉంటుంది. కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి. ఏప్రిల్ నెలలో రాస్తున్నామంటే కారణం ఉంది, చివర్లో మీకే అర్థమవుతుంది.

మాకు నాలుగు ఎకరాల ఎర్రనేల ఉంది. బోరు లేదు. వానే ఆధారం. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ సగటు మా తాండాకు ఏ ఏడూ సరిగ్గా రాదు. ఒక ఏడు మూడు వానలు ఒకే వారంలో కురిసి పోతాయి, ఇంకో ఏడు సెప్టెంబరు దాకా మబ్బే చూపిస్తుంది. జూలైలో శెనక్కాయ వేస్తాం. పండితే కాయ మనకు, కట్టె పశువులకు. పండకపోతే రెండూ ఉండవు. అప్పుడు కాలువ కింది ఊర్ల నుంచి వరిగడ్డి కొనాలి. గడ్డి కొనే డబ్బులు లేనోళ్ళు పశువులను సంతకు తోలుతారు. అందరూ ఒకేసారి తోలుతారు కాబట్టి అడిగినోడికి అడిగినంతకే పోతాయి. ఆ తర్వాత ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సు ఎక్కడమే. మన గ్రూపులో ఈ దారి తెలియని ఇల్లు ఉండదు.

మా ఇంట్లో రెండు ఆవులు ఉండేవి. తెల్లది ధోళి, నల్లది కాళి. గోర్‌బోలీలో రంగును బట్టి పెట్టిన పేర్లే. ధోళి పూటకు మూడు లీటర్లు ఇచ్చేది. మా యాడి ఆ పాలు పోసి వచ్చిన డబ్బుతోనే మా బస్ పాసులు, నోటు పుస్తకాలు, సబ్బులు అన్నీ చూసేది. బా కూలి డబ్బులు ఇంటికి, ధోళి డబ్బులు మా చదువుకు. అట్ల లెక్క ఉండేది.

రెండేళ్ళ కింద వేసవిలో మేమే ఒక పని మొదలుపెట్టినాం. పెద్దదాని కాలేజీలో ఒక సెమినార్ జరిగింది. రుతుపవనాలు రాకముందే పొడి నేలలో రకరకాల గింజలు కలిపి విత్తే పద్ధతి గురించి చెప్పినారు. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో దీన్ని పీఎండీఎస్ అంటారు. మామూలుగా 'నవధాన్యాలు చల్లడం' అంటారు. అసలు ఉద్దేశం నేలను ఖాళీగా ఉంచకపోవడం. ఏప్రిల్, మే ఎండలకు మన ఎర్రనేల పైపొర కాలి గట్టిపడుతుంది. మేలో పడే వాన దాని మీద నిలవదు, పారిపోతుంది, పోతూ మట్టిని కూడా తీసుకుపోతుంది. అదే నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉంటే చినుకు దెబ్బ ఆకు మీద పడుతుంది, వేరు వెంట నీళ్ళు లోపలికి దిగుతాయి, కాయజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. దీన్ని కప్పు పంట అంటారు. కోసుకుంటే పశువులకు మేత కూడా.

మాకు చివరి మాటే చెవికి ఎక్కింది. జూన్, జూలై నెలల్లో మా కొట్టంలో ఏమీ ఉండదు. పోయిన ఏడాది కట్టె అయిపోయి ఉంటుంది, కొత్త కసువు ఇంకా మొలవదు. ఆ రెండు నెలలకు అర ఎకరా పచ్చిమేత దొరికితే అంతకంటే ఏం కావాలి?

బా మొదట ఒప్పుకోలేదు. "ఉండే కొంచెం పదును అదే తాగేస్తే శెనక్కాయకు ఏం మిగుల్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్న తప్పు కాదు. తడి తక్కువ ఉండే చోట్ల కప్పు పంటను ఎక్కువ రోజులు ఉంచితే తర్వాతి పంటకు నీళ్ళు తగ్గేది నిజమే. కానీ మేము అప్పుడు జవాబు చెప్పకుండా మొండికేసినాం. చదువుకున్న పిల్లలు కదా అని చివరికి యాభై సెంట్లు ఇచ్చినాడు.

ఇంట్లో ఉండే గింజలన్నీ కలిపినాం. జొన్నలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి సగానికి పైగా జొన్నలే వేసినాం. మిగతాది అలసంద, పెసలు, ఉలవలు. మా దాదా అరుగు మీద కూర్చుని చూస్తా ఉన్నాడు. "బేటీ, జొన్న మేతకు వేస్తే నాము చూసుకోవాలి. కంకి తొంగి చూసేదాకా పశువును ఆ చేలోకి పోనీయొద్దు" అన్నాడు. సరే దాదా అన్నాం. మా మనసులో మాత్రం, పెద్దోళ్ళు ఇట్లనే ఏదో ఒకటి అంటారులే అనుకున్నాం. దిష్టి లాంటిది అనుకున్నాం. నిజం చెప్పుకోవాలంటే అంతే.

మే నెల మధ్యలో ఒక మంచి వాన పడింది. నాలుగో రోజుకు చేను పచ్చగా మొలిచింది. తాండాలో అందరి చేలూ ఎర్రగా ఉంటే మాది ఒక్కటే పచ్చగా. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాం. తర్వాత వాన లేదు. జూన్ మూడో వారానికి జొన్న మోకాలెత్తు ఉంది, కానీ ఆకులు మెలితిరిగి వాడినాయి. అప్పుడు పెద్దదానికి పరీక్షలు, చిన్నదానికి అడ్మిషన్ సర్టిఫికెట్ల పని. ఇద్దరం అనంతపురంలో ఉన్నాం. యాడి ఫోన్ చేసి "చేను ఎండిపోయేట్టు ఉంది, కొట్టంలో గడ్డి పూర్తిగా అయిపాయె, ఏం చేసేది?" అని అడిగింది. "ఎండిపోయేదానికంటే మేపేయ్ యాడి" అని చెప్పింది మేమే. దాదా మాట ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు.

మరుసటి రోజు పొద్దున యాడి ధోళిని చేలో వదిలింది. రాత్రంతా ఆకలితో ఉండింది కదా, ఆత్రంగా లేత జొన్నే మేసింది. పావుగంట కూడా కాలేదంట. తూలింది, నోట్లో నురగ, ఊపిరి కోసం ఎగపోసింది, పడిపోయింది. దాదా పరిగెత్తుకుంటూ వచ్చి బెల్లం నీళ్ళు తాపియ్యాలని చూసినాడు, మింగలేదు. పక్కింటి భియా బండి తీసుకుని డాక్టరు కోసం పోయినాడు. డాక్టరు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ఎవరినీ అనేది లేదు, నాము పట్టినప్పుడు నిమిషాలే ఉంటాయి.

మేము ఇంటికి పోయేసరికి పూడ్చిపెట్టేసినారు. యాడి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ. కాళి వట్టిపోయి ఉంది. పాలు పోయే క్యాను కడిగి బోర్లించి పెట్టింది. దాన్ని చూసినప్పుడల్లా మా ఫోన్ మాటే వినపడేది. బా "కాళిని కూడా అమ్మేద్దాం, బెంగళూరు పోదాం, వీళ్ళ చదువులు ఇంక చాలు" అన్నాడు. ఆ మాట కోపంలో అన్నది కాదు, లెక్క వేసి అన్నది.

ఆ రాత్రి దాదా బాతో మాట్లాడినాడు. లదేణి కాలం గురించి చెప్పినాడు. మన పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినారు. వేల ఎద్దులు ఒక్కో బిడారులో నడిచేవి. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ బతుకు పోయింది గానీ, దారి పొడుగునా ఏ కసువు మేపాలి, ఏది మేపకూడదు అని తెలియకపోతే అన్ని ఎద్దులతో ఎవరూ నడిచేవారు కాదు అన్నాడు. "పిల్లలకు పుస్తకం ఉంది, మనకు అనుభవం ఉంది. మనం రెండూ కలపలేదు. అందుకు ఆవును పోగొట్టుకున్నాం. దానికి చదువు మాన్పిస్తే ఏమొస్తుంది?" అన్నాడు. కాళి అమ్ముడుపోలేదు. బా ఒక్కడే బెంగళూరు పోయి ఎనిమిది నెలలు పని చేసి వచ్చినాడు. అట్ల మేము చదువులో ఉన్నాం.

ఆ ఏడే చిన్నది పాలిటెక్నిక్‌లో చేరింది. అక్కడ పాఠంలో నాము వచ్చిన రోజు క్లాసులో ఏడ్చేసింది. దాదా చెప్పిన ప్రతి మాటా ఆ పాఠంలో ఉంది. లేత జొన్నలో ఒక పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అది విరిగి సయనైడ్ విషం విడుదల అవుతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరం దాన్ని వాడుకోలేదు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు, బెట్టకు వాడినప్పుడు, కోసిన తర్వాత వచ్చే పిలకల్లో ఈ విషం ఎక్కువ. పూత దశ దాటితే బాగా తగ్గుతుంది. ఆకలితో ఉన్న పశువుకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మందు ఉంది, సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తారు, కానీ డాక్టరు వెంటనే దొరకాలి. మేము చేసిన పని చూడండి: లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, ఆకలి మీద ఉన్న ఆవు. ఒక్కటి కాదు, అన్నీ కలిపినాం.

పోయిన ఏప్రిల్‌లో మళ్ళీ విత్తుదామన్నాం. అదే యాభై సెంట్లు. యాడి ఆ చేలో అడుగు పెట్టను అంది. మేము బలవంతం చేయలేదు. ఈసారి మాత్రం మొదట దాదా, దాది పక్కన కూర్చుని ఒక్కో గింజ గురించి అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాం. తర్వాత చిన్నది వాళ్ళ మేడమ్‌ను అడిగి సరిచూసుకుంది.

జొన్న పూర్తిగా మానేసి సజ్జ పెట్టినాం. సజ్జలో ఈ నాము ఉండదు. (యూరియా ఎక్కువ వేసి, పైన బెట్ట వస్తే సజ్జలో నైట్రేట్ చేరుతుంది. మేము యూరియా వేయలేదు.) ఆముదం గింజ కలపమని ఒకరు చెప్పినారు. ఆముదం పశువుకు విషం కాబట్టి మేత చేలో వద్దన్నది దాది. అర ఎకరాకు మేము వేసింది ఆరు కిలోలు: అలసంద రెండు, సజ్జ ఒకటి, పెసర ఒకటి, ఉలవ ఒకటి, గోరుచిక్కుడు అర కిలో, మిగతా అర కిలోలో నువ్వులు, మెంతులు, ధనియాలు కొంచెం కొంచెం. గింజలకు బీజామృతం పట్టించి, పుట్టమన్ను, బూడిద పొర్లించి నీడలో ఆరబెట్టినాం. ఈ మట్టిపొర ఎందుకంటే, పొడినేలలో చీమలు, పిట్టలు గింజ తినకుండా, చిన్న తుంపరకే మొలిచి చచ్చిపోకుండా. ఏప్రిల్ ఆఖరున గొర్రుతో విత్తి, పాత శెనక్కాయ పొట్టు, ఎండుటాకులు పైన పలచగా చల్లినాం.

అసలు కష్టం విత్తనంతో కాదు, కావలితో వచ్చింది. మన దగ్గర కోతలయ్యాక చేలన్నీ అందరి పశువులకూ తెరిచే ఉంటాయి. అది మంచి ఆచారమే, భూమి లేనోళ్ళ మేకలు కూడా బతుకుతాయి. కానీ మే నెలలో తాండా మొత్తం మీద ఒక్క చేను పచ్చగా ఉంటే పశువు దేన్నని వదులుతుంది? ముళ్ళకంప వేసినాం, రెండుసార్లు మేకలు దూరినాయి. గొడవ పెట్టుకోవడం మాకు ఇష్టం లేదు. బా సేవాలాల్ గుడి దగ్గర నాయక్‌ముందు మాట పెట్టినాడు. చివరికి ఒప్పందం ఏమైందంటే, జూలైలో మేము కోత ముగించినాక మిగిలిన మోళ్ళ మీద రెండు రోజులు తాండా మేకలను వదలాలి, అప్పటిదాకా ఎవరి పశువునూ ఎవరూ వదలకూడదు. మాకు కావలి తప్పింది, వాళ్ళకు మేత, మా చేనుకు మేకపెంట. గొర్రెల మందను చేలో నిలపడానికి రైతులు కాపర్లకు డబ్బులు ఇస్తారు కదా, మాకు ఊరికే వచ్చింది.

మే రెండో వారంలో వాన, జూన్ మొదట్లో ఇంకొకటి. నలభై రోజుల తర్వాత కోయడం మొదలుపెట్టినాం. చేలోకి పశువును వదల్లేదు, కోసి తెచ్చి వేసినాం. కోసిన వెంటనే వేయలేదు, ఒక పూట వాడనిచ్చినాం. ముందు ఎండుగడ్డి కొంచెం పెట్టి ఆ తర్వాతే పచ్చిది. లేత అలసంద, పెసర ఒకేసారి ఎక్కువ తింటే పశువుకు కడుపు ఉబ్బుతుంది. మొదటి రోజు రెండు కిలోలు, మెల్లగా పన్నెండు కిలోల దాకా పెంచినాం.

ఇంకొక నియమం దాదా పెట్టినాడు. మొదలు నుంచి బెత్తెడు వదిలి కోయాలి, చేలో మూడింట ఒక వంతు అసలు ముట్టుకోకూడదు. "అది భూమి మేత" అన్నాడు. మాకు అప్పుడు అర్థమైంది, ఈ పంటకు తినే నోళ్ళు రెండు ఉన్నాయని. అంతా పశువుకే కోసేస్తే నేల మళ్ళీ బోసిగా ఎండకు కాలుతుంది, అప్పుడు అది కప్పు పంటే కాదు. అంతా నేలకే వదిలేస్తే కొట్టంలో పశువు ఎముకలు తేలుతుంది, నేలకు పేడ వేసేదెవరు? పశువు తిన్నది చాలావరకు పేడగా, పంచితంగా తిరిగి చేనుకే చేరుతుంది, మనం మోసుకొచ్చి వేస్తే. కాబట్టి రెండు నోళ్ళకూ వాటా పంచాలి, అంతే.

కాటా తెచ్చి ప్రతి మోపూ తూకం వేసినాం. మోపు సుమారు పద్నాలుగు కిలోలు. మొత్తం అరవై ఒక్క మోపులు, అంటే 850 కిలోల పైన. కాళికి, దాని పెయ్యకు కలిపి ముప్పై అయిదు రోజులు సరిపోయింది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే ఉంటాయి, అలసంద పచ్చిమేతలో పదిహేను శాతం దాటుతాయి. కాళి ఆ ఏడే ఈనింది. పూటకు రెండు లీటర్లు. ధోళి అంత కాదు. కానీ ఆ నెల మేము గడ్డి కొనలేదు.

బా భయం సంగతి కూడా చెప్పాలి. జూలైలో మంచి వాన పడుతూనే మిగిలిన మొక్కలను గుంటకతో కలిపేసినాం, పది రోజులు ఆగి శెనక్కాయ వేసినాం. ఆ యాభై సెంట్లలో కాయ పక్క చేనుతో సమానంగానే వచ్చింది. ఎక్కువ రాలేదు, తక్కువా రాలేదు. ఒక్క తేడా బానే చెప్పినాడు: గుంటక తోలేటప్పుడు అక్కడ నేల మెత్తగా ఉందని, వాన నీళ్ళు గట్టు దాటలేదని. ఇది ఒక్క ఏడాది మాటే. వానలు పడకపోయి ఉంటే ఆరు కిలోల గింజలు, మా శ్రమ పోయేవి. ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే అర ఎకరాతోనే మొదలుపెట్టండి అంటున్నాం.

ఆషాఢంలో సీత్లా పండుగ వచ్చింది. మీకు తెలుసు కదా, సీత్లా యాడి ముందు నుంచి తాండా పశువులన్నిటినీ దాటిస్తాం, వాటి మీద గుగ్గిళ్ళు చల్లుతాం, రోగాలు రాకుండా చూడమని మొక్కుతాం. ధోళి పోయిన ఏడు మా యాడి ఆ పండుగకు ఇంట్లోంచి బయటికి రాలేదు. పోయిన ఏడు కాళిని, పెయ్యను తనే పట్టుకుని వచ్చింది. గుగ్గిళ్ళు చల్లుతూ "ఇదంతా నా తల్లి ధోళి నేర్పించిందే" అంది. ఆ సాయంత్రం చేలోకి వచ్చి మాతో పాటు ఒక మోపు కోసింది. మేము ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. మోపు మాత్రం యాడే ఎత్తుకుంది.

ఇప్పుడు మళ్ళీ ఏప్రిల్. ఈసారి మా తాండాలో ఇంకో నాలుగు ఇళ్ళోళ్ళు చేస్తామన్నారు. అందరూ ఒకే పక్కన, గట్టు గట్టు ఆనుకుని విత్తుతున్నాం, కావలి ఒక్కటే సరిపోతుందని.

సెలవులకు ఇంటికి పోయే మన పిల్లలకు మేము చెప్పేది ఇంతే. మీ ఇంట్లో మేత కొరత ఉంటే ఇది చేసి చూడండి. మేత కోసం జొన్న వేయకండి, వేసినా పూత దాటేదాకా పశువును అటు పోనీయకండి. పశువుకు ఏమైనా జరిగితే మన రాష్ట్రంలో పశువుల అంబులెన్స్ నంబరు 1962, యాడి ఫోన్‌లో ఈ రోజే సేవ్ చేసిపెట్టండి. అన్నిటికంటే ముందు, గింజ పట్టుకునే ముందు మీ దాదాను, దాదిని అడగండి. వాళ్ళు చెప్పింది మీ పుస్తకంలో ఉందో లేదో చూడండి, పుస్తకంలో ఉన్నది వాళ్ళకు చదివి వినిపించండి. మేము ఆ పని ఒక ఏడాది ఆలస్యంగా చేసినాం.

మీ ప్రాంతంలో నల్లనేల ఉంటే, గిరిజన గూడేల్లో వేరే గింజలు వాడుతుంటే కింద రాయండి. మా నోటు పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలు ఉన్నాయి.

జై సేవాలాల్.